పాత్రలన్నీ 'అనాయ్' అవుతుంటే...

చిరంజీవికి ఆశీస్సులు.

కథ చదివాను, నడక బాగుంది. కానీ నీ పాత్రలు పొద్దస్తమానం 'అనాయ్' (annoy) అవుతూనే ఉన్నాయి. భర్త అనాయ్, అత్త అనాయ్, ఆఖరికి పక్కింటి కుక్క కూడా అనాయింగే!

ఆ మాట మీద నాకు పగేమీ లేదు, దాని మోతాదు తెలిస్తే చాలు. ఇంగ్లీషులో అది చిన్న చిరాకు. మాట మధ్యలో అడ్డు తగలడం, చెప్పిందే చెప్పడం లాంటి వాటికి సరిపోతుంది. తన ఉత్తరం భర్త దాచేశాడని తెలిసిన ఇల్లాలికి అది ఏమూలకి? ఆవిడకి ఒళ్లు మండాలి. నిజానికి దీని మూలం లాటిన్‌లో ద్వేషాన్ని చెప్పే పలుకుబడే. పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చి, ఇవాళ్టికి ఇంత పలచబడింది.

నీ హీరో "ఐ యామ్ అనాయింగ్" అంటాడు. అంటే 'నేనో నసగాణ్ణి' అని తానే ఒప్పుకున్నట్టు! విసిగించేది అనాయింగ్, విసిగిపోయినవాడు అనాయిడ్. వాడికి ఇంగ్లీషు రాదని చూపించడానికే అయితే ఉంచెయ్, నవ్వొస్తుంది. ఇంకోటి, మనిషి మీదైతే 'అనాయిడ్ విత్', విషయం గురించైతే 'అబౌట్' లేదా 'ఎట్'. మనం 'అతని మీద చిరాకు' అంటాం కనుక చెయ్యి 'ఆన్' వైపు పోతుంది, పోనివ్వకు.

'పెస్టర్' వేరు. అది వెంటపడి అడిగి అడిగి ప్రాణం తియ్యడం, మన సతాయించడం. 'ఇరిటేట్' చర్మం మీది మంటకీ వాడతారు. 'వెక్స్' కూడా విసిగించడమే, కానీ ఇప్పుడు మాటల్లో పెద్దగా వినపడదు.

మరి మనకేం తక్కువ? విసుగు మెల్లగా పేరుకుంటుంది. చిర్రెత్తడం ఒక్క క్షణంలో అయిపోతుంది. రుసరుసలాడితే ఎదుటివాళ్లకి కనిపిస్తుంది, కస్సుమంటే వినిపిస్తుంది. ఒక్కోసారి ఇవేవీ అక్కర్లేదు. 'అత్త ఆమెను అనాయ్ చేస్తోంది' అని రాశావు చూడు, అక్కడ ఇలా రాస్తే?

అత్త మూడోసారి అదే అడిగింది. కోడలు పుస్తకంలోంచి తల ఎత్తకుండా "ఊఁ" అంది.

కాలేజీ పిల్ల "అబ్బా, అనాయింగ్!" అనడం మాత్రం మార్చకు. ఆ వయసు పిల్ల 'విసుగ్గా ఉంది' అంటే నేనే నమ్మను. అత్తగారి సీను తిరగరాసి పంపు.

నీ మాస్టారు