మావాడికి సీఎస్‌ఈ వద్దట, నేవీ కావాలట. ఏం చెయ్యాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ సెకండియర్. బాగానే చదువుతాడు. సీఎస్‌ఈలో ఏఐ తీసుకోరా అంటే వద్దంటాడు. నేవీలో చేరతాడట, సోనార్, జలాంతర్గాముల వేట అంటాడు. జానీ వాకర్ అనే బ్రిటిష్ ఆఫీసర్ పేరే రోజూ జపం. నేనూ ఆయన గురించి చదివాను. నలభై దాటినా కెప్టెన్ కాలేదు, ఇంటికి పంపించేయబోయారు! ఇదేం ఆదర్శమండీ? రెండు దారులూ పోల్చి చెప్పండి.

జవాబు: సార్, మీరు పోలిక అడిగారు గానీ ఉత్తరం నిండా కనిపించింది మాత్రం మావాడు వెనకబడిపోతాడేమో అన్న టెన్షనే. బ్రాంచి పేర్లు మారుతుంటాయి, ఈ టెన్షన్ మాత్రం ఏటా కౌన్సెలింగ్ సీజన్‌లో నా దగ్గరికి వస్తూనే ఉంటుంది. ఇంటర్ తర్వాత నేవీలో ఆఫీసర్‌గా చేరే ఎన్‌డీఏ, ప్లస్‌టూ బీటెక్ ఎంట్రీ దారుల వివరాలన్నీ మీవాడికి కంఠస్థమే అయ్యుంటాయి కాబట్టి అవి వదిలేస్తున్నా.

వాకర్ గురించి మీరు సగమే చదివారు. ఆయన అసలు పేరు ఫ్రెడరిక్ జాన్ వాకర్, 1896లో ప్లిమత్‌లో పుట్టాడు, 1909లో కుర్రాడిగానే నేవీలో చేరాడు (జానీ అనేది విస్కీ పేరు చూసి తోటివాళ్లు పెట్టిన ముద్దుపేరు, మీరు కంగారు పడకండి). మొదటి ప్రపంచ యుద్ధంలో డిస్ట్రాయర్లలో పనిచేశాడు. ఆ యుద్ధంలోనే, 1917 ఏప్రిల్ ఒక్క నెలలో, ఎనిమిది లక్షల టన్నులకు పైగా ఓడలు మునిగాయి, అందులో చాలావరకు జర్మన్ జలాంతర్గాముల పనే, బ్రిటన్‌కు తిండిగింజలు అందుతాయా అన్నంత పరిస్థితి వచ్చింది. అది కళ్లారా చూసినవాడు 1920లలో పోర్ట్‌లాండ్‌లోని కొత్త జలాంతర్గామి నిరోధక స్కూల్లో చేరడంలో వింతేమీ లేదు. మిగతావాళ్లు ఎగబడి చేరకపోవడమే వింత.

ఎందుకు చేరలేదంటే, అప్పటి సీఎస్‌ఈ గన్నరీ, అంటే ఫిరంగుల విభాగం. పెద్ద యుద్ధనౌక, పెద్ద ఫిరంగులు, అడ్మిరల్ కంట్లో పడే అవకాశం. పైగా నీటిలోకి శబ్దాన్ని పంపి ప్రతిధ్వనితో జలాంతర్గామిని పట్టే ఆస్డిక్ పరికరం (ఇప్పటి సోనార్‌కు అప్పటి పేరు) వచ్చేసింది కాబట్టి ఆ సమస్య తీరిపోయినట్టేనని పైవాళ్లే నమ్మారు. తీరిపోయిన సమస్య మీద పనిచేసేవాడికి ప్రమోషన్ ఎవరిస్తారు? మీరన్నది నిజమే, 1939లో యుద్ధం మొదలయ్యేనాటికి ఆయన రిటైర్‌మెంట్ అంచున ఉన్నాడు.

ఇక రెండో సగం. 1941 డిసెంబర్‌లో జిబ్రాల్టర్ నుంచి బయల్దేరిన హెచ్‌జీ 76 అనే కాన్వాయ్‌లో (కాపలాతో కలిసి వెళ్లే ఓడల గుంపు) 32 వాణిజ్య నౌకలున్నాయి, వాటికి కాపలా వాకర్ గ్రూపుది. రెండు వాణిజ్య నౌకలు, రెండు కాపలా నౌకలు పోయాయి, కానీ ఆయన గ్రూపు నాలుగు యూబోట్లను (జర్మన్ జలాంతర్గాములు) ముంచింది, అందులో ఒకదాన్ని ఆయన నౌక స్టార్క్ స్వయంగా గుద్దింది. తర్వాత ఆయన పట్టుకున్న ఉపాయం మీవాడిని ఎందుకు లాగిందో నాకర్థమవుతుంది. ఓడ మరీ దగ్గరికొస్తే ఆస్డిక్‌కు జలాంతర్గామి దొరకదు, పైగా లోపలున్నవాళ్లకు ఆ చప్పుడు వినిపించి తప్పుకుంటారు. అందుకని ఒక ఓడను వెనక దూరంగా ఉంచి ఆస్డిక్‌తో ఆచూకీ పట్టించేవాడు, ఇంకో ఓడను ఆస్డిక్ ఆపేసి మెల్లగా, చప్పుడు లేకుండా జలాంతర్గామి మీదికి పంపించి, వెనకనుంచే దారి చెప్పి డెప్త్ ఛార్జీలు (నీటి లోతులో పేలే బాంబులు) వేయించేవాడు. ఇది ధైర్యం ఒక్కదానితో వచ్చేది కాదు సార్, ఎవరూ పట్టించుకోని సబ్జెక్టులో ఏళ్ల తరబడి మునిగితే వచ్చేది. 1942లో కెప్టెన్ అయ్యాడు. 1944 మొదట్లో ఒక్క గస్తీలో ఆయన గ్రూపు ఆరు యూబోట్లను ముంచింది.

అలాగని మీవాడికీ ఇదంతా చూపించి సంబరపడమనను. యుద్ధం రాకపోతే వాకర్ పెన్షన్ తీసుకుని ఇంట్లో కూర్చునేవాడు, ఆయన పేరు ఈరోజు మనకు తెలిసేదే కాదు. కొడుకు ఒకడు 1943లో జలాంతర్గామిలో పోయాడు. ఆయన కూడా 1944 జులైలో 48 ఏళ్లకే, ఒళ్లు హూనమై చనిపోయాడు.

ఇప్పుడు ఏఐ సంగతి. ఈమధ్య ఏ కాలేజీ బ్రోషర్ తెరిచినా అదే, సీట్లు పెంచుతూనే ఉన్నారు, చెప్పేవాళ్లు ఎక్కడున్నారో నాకైతే తెలియదు. నాలుగేళ్ల తర్వాత ఆ కోర్సు పేరుకు ఎంత విలువుంటుందో హామీ ఇచ్చే కౌన్సెలర్‌ను నమ్మకండి. ఇష్టపడి కోడ్ రాసే పిల్లలకు అది మంచి దారే, కాదనను. కానీ మీ ఉత్తరంలో మీవాడు ప్రోగ్రామింగ్ ముట్టుకున్నాడని ఒక్క ముక్క లేదు. ఎవరిని చూసి సీఎస్‌ఈ అన్నారు? బావమరిది కొడుకునా? అవతలివాళ్ల పిల్లాడి ప్యాకేజీతో మీవాడి తలరాత రాయడం మానేయండి, కాస్త కోపంగానే చెబుతున్నా. పద్దెనిమిదేళ్ల వాడు ఒక సబ్జెక్టు పేరు పెట్టి మరీ అడుగుతున్నాడంటే పండగ చేసుకోవాలి. ఏం తీసుకోవాలో తెలియని పిల్లలే నా దగ్గరికి ఎక్కువ వస్తారు.

పోలిక అడిగారు కాబట్టి రెండు ముక్కలు. నేవీలో జీతం, గౌరవం స్థిరం, పోస్టింగ్ మన చేతిలో ఉండదు, పైకి వెళ్లేకొద్దీ ప్రమోషన్లకు వడపోత ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో త్వరగా పెరగొచ్చు, త్వరగా ఊడొచ్చు. ఒకవేళ ఆఫీసర్లను ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూలో తీసుకోకపోతే కొంప మునగదు, ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) తీసుకుని, సోనార్‌కు ఆధారమైన సిగ్నల్ ప్రాసెసింగ్ మీద పట్టు తెచ్చుకుంటే అదే దారికి ఇంకో గుమ్మం. విశాఖలో టార్పెడోల (నీటిలో దూసుకెళ్లి ఓడల్ని పేల్చే ఆయుధాలు) మీద పనిచేసే రక్షణ పరిశోధన ల్యాబ్ ఎన్‌ఎస్‌టీఎల్ ఉంది, కొచ్చిలో సోనార్ల కోసమే ఎన్‌పీఓఎల్ ఉంది. అందుకని జేఈఈ, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) రెండూ రాయించండి, ఆప్షన్లలో ఈసీఈ పైన పెట్టించండి. ఈ నెలలోనే కంటి డాక్టర్‌కు చూపించి చూపు, రంగుల గుర్తింపు పరీక్ష చేయించండి, ఎస్‌ఎస్‌బీ దాటాక మెడికల్‌లో పోయిన పిల్లల్ని చూశాను.