మరొకరి ఇంటి పట్టాకు మూడు లక్షలు పెట్టవచ్చా?

ప్రశ్న: తిరుపతిలో ఇడ్లీ బండి నడుపుతున్నాం. సరుకుల ఖర్చు పోను నెలకు 22,000 రూపాయలు మిగులుతాయి. ఇద్దరు పిల్లలతో 5,000 అద్దెకు ఒకే గదిలో ఉంటున్నాం. ప్రభుత్వం ఇచ్చిన సెంటు స్థలాన్ని ఒకరు 3 లక్షలకు నోటరీ చేసి ఇస్తామంటున్నారు. మా పొదుపంతా అంతే. కొనవచ్చా?

జవాబు: వద్దండి. ఇల్లు లేనివారికి ఉచితంగా ఇచ్చే స్థలం వారి చేతిలోనే నిలవాలనే ఉద్దేశంతో, అసైన్డ్ భూముల, అంటే ప్రభుత్వం పేదలకు కేటాయించిన స్థలాల బదిలీని నిషేధిస్తూ 1977లోనే రాష్ట్రంలో చట్టం వచ్చింది. అమ్ముకోవడానికి చట్టం పెట్టిన గడువు తీరకముందే అలాంటి స్థలం కొన్నవారికి ఏ హక్కూ రాకపోగా, అధికారులు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు, కొన్నవారికి శిక్ష కూడా పడవచ్చు. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్‌కు సాటి రాదు. రేపు అమ్మినవారి పిల్లలు వచ్చి అడిగితే మీ చేతిలో ఉండేది ఆ కాగితం ఒక్కటే.

మీకు రావలసిన సాయం వేరే ఉంది. 2024 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండో దశలో, ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉండి దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేని కుటుంబాలు ఆర్థికంగా బలహీన వర్గం కిందికి వస్తాయి. మీ ఆదాయం 2 లక్షల 64 వేలే కాబట్టి మీరూ ఆ వర్గమే. సొంత స్థలం ఉన్నవారికి ఇంటి నిర్మాణానికి కేంద్రం లక్షన్నర ఇస్తుంది. స్థలం లేని మీరు వార్డు సచివాలయంలో ఇంటి స్థలానికి, ప్రభుత్వ భాగస్వామ్యంతో కట్టే ఫ్లాట్లకు దరఖాస్తు పెట్టాలి. వడ్డీ రాయితీ ఉందని గృహరుణానికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి. 8 లక్షల అప్పును తొమ్మిది శాతం వడ్డీతో 12 ఏళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 9,100 కట్టాలి, మీ అద్దెకు అది దాదాపు రెట్టింపు.

పొదుపులో 75,000 కదపకుండా బ్యాంకు పొదుపు ఖాతాలో ఉంచండి. అది ఆరు నెలల అద్దెకు, మూడు నెలల ఇంటి ఖర్చుకు సరిపోతుంది. నేను దీన్ని అన్నిటికన్నా ముందు పెట్టడానికి కారణం ఉంది. కుటుంబాలు గది పోగొట్టుకునేది తరచూ ఒక జబ్బు వల్లో, రెండు నెలల అద్దె బకాయి వల్లో. నగరాల్లో లక్ష జనాభాకు ఇల్లు లేనివారి కోసం ఒక ఆశ్రయ కేంద్రం ఉండాలని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించిన మాట నిజమే కానీ, బడికి వెళ్లే పిల్లలతో అక్కడ కాపురం సాగదు. తిరుపతిలోని టీటీడీ వసతి గృహాలు శ్రీనివాసం, విష్ణు నివాసం కూడా యాత్రికుల కోసం కట్టినవే.

మిగిలిన 2 లక్షల 25 వేలను ఏడాది గడువుతో రెండు మూడు ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా వేసి, నెలకు మరో 2,000 రికరింగ్ డిపాజిట్‌లో కట్టండి. ఫ్లాటు మంజూరైతే మీ వాటాగా కట్టవలసిన సొమ్ము అందులోంచే తీయవచ్చు.