జ్ఞాపకాల సినిమా తీయాలనుంటే ఎడిటింగ్ నేర్చుకోండి

ప్రశ్న: అమలాపురంలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. 1996 తుపాను రాత్రి, అమ్మమ్మగారి ఇల్లు, నా చిన్నతనం... వీటిని వరసగా కాకుండా ముందువెనకలుగా కలిపి సినిమా తీయాలని ఉంది. డిగ్రీ మానేసి డైరెక్షన్ కోర్సులో చేరితే ఎలా ఉంటుంది? నాన్న వద్దంటున్నారు.

జవాబు: డిగ్రీ మానకండి. పుణెలోని సినిమా శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐలో డైరెక్షన్, ఎడిటింగ్ పీజీ కోర్సులకు ఏదో ఒక డిగ్రీ ఉండాల్సిందే. కోల్‌కతాలోని సత్యజిత్ రే సినిమా సంస్థలోనూ అంతే.

ఇక కోర్సు విషయానికొస్తే, నేనైతే ఎడిటింగే తీసుకోమంటాను. రష్యన్ దర్శకుడు తార్కోవ్‌స్కీ తన తల్లిని, బాల్యాన్ని తలచుకుంటూ తీసిన ‘మిర్రర్’ (1975)లో షాట్లు దాదాపు రెండు వందలే. కానీ వాటి వరసను ఇరవైసార్లకు పైగా మార్చి చూస్తే తప్ప సినిమా కుదరలేదు. ఈ తరహా కథ చివరికి తేలేది ఎడిటింగ్ టేబుల్ దగ్గరే.

ముందు ఇంట్లోవాళ్లతోనే పది నిమిషాల సినిమా తీయండి. అమ్మమ్మ చేత తుపాను సంగతి ముందుగా చెప్పించకండి. రెండోసారి చెప్పేటప్పటికి మాటలో ప్రాణం పోతుంది. ఫ్యాను ఆపి, కాలరు మైకు పెట్టి, ఆవిడ మాట్లాడటం అయ్యాక ఖాళీ గది నిశ్శబ్దాన్నీ ఒక నిమిషం రికార్డు చేయండి. మాటల మధ్య కత్తెర పడ్డచోట అతుకు తెలియకుండా చేసేది అదే. ఫోన్‌లో సెకనుకు 25 ఫ్రేములు, షటర్ 1/50 సెకను పెడితే ట్యూబ్‌లైటు మినుకులు రావు. ఫోన్ ఫ్రేమ్‌రేటు నిలకడగా ఉండదు కాబట్టి ఎడిటింగ్‌కు ముందే ఫైలును స్థిరమైన రేటుకు మార్చుకోండి. లేకపోతే విడిగా రికార్డు చేసిన మాటకూ పెదవులకూ పోనుపోను పొత్తు తప్పుతుంది.

ఇలాంటి సినిమాలు ఎక్కువగా దెబ్బతినేది ఒక్కచోటే: ఇప్పుడు ఏ కాలంలో ఉన్నామో చూసేవాళ్లకు తెలియదు. ఒక్కో కాలానికి ఒక్కో గుర్తు పెట్టండి. తుపాను రాత్రికి లాంతరు వెలుగు, చిన్నతనానికి కొబ్బరి దింపు చప్పుడు. తెర మీద ఇంకా అమ్మమ్మ ముఖం ఉండగానే, తోటలో కాయ నేలకు పడ్డ చప్పుడు రెండు సెకన్ల ముందు వినిపించి, ఆ తర్వాత తోట చూపిస్తే కాలం మారినట్టు తేదీ వేయనక్కర్లేదు. సన్నివేశానికో చీటీ రాసి నేలమీద పరిచి వరస మార్చి చూడండి. ఆ తర్వాతే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్ తెరవండి, ఉచిత వెర్షన్ చాలు.

నాన్నగారికి ఒక మాట చెప్పండి. ఎడిటింగ్ చేతిలో ఉంటే పెళ్లి వీడియోల దగ్గర్నుంచి న్యూస్ ఛానళ్లు, ఓటీటీల దాకా జీతం వచ్చే పని ఉంది. డైరెక్షన్‌లో కొత్తవాళ్లకు అలాంటి ఉద్యోగం ఉండదు. డిగ్రీ చివరి ఏడాదిలోనే రెండు సంస్థల ప్రవేశ ప్రకటనల మీద కన్నేసి ఉంచండి.