పావురాల పొలం గురించి రాసిన తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివి, ఒక రోజు పక్కన పెట్టి, మళ్లీ చదివాను. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఆఫీసు స్నేహితుడి వెంట ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌షైర్ పొలాల్లోకి వెళ్లి, అతను పావురాలను వేటాడుతుంటే చూసి రాశావు. ఆ ప్రాంతంలో నేనూ చాలా ఏళ్లు ఉన్నాను, అలాంటి గట్ల మీద కూర్చున్నాను. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

నీకు చూసే కన్ను ఉంది. కానీ మొదటి వాక్యంలోనే తుపాకీ పేల్చావు. పేలాక పాఠకుడు ఇంక ఆ చప్పుడునే వింటాడు, పొలాన్ని చూడడు. నిజానికి ఆ మధ్యాహ్నం జరిగిందంతా ఒక పిట్ట కంటిని నమ్మించే పని. దాన్ని రాయి. తుపాకీ రావలసిన చోట అదే వస్తుంది.

ముందు పిట్టను చూపించు. పావురం అనగానే మనవాళ్లకు గుడి గోపురం మీదో, అపార్ట్‌మెంట్‌లో ఏసీ డబ్బా మీదో వాలే పిట్ట గుర్తొస్తుంది. ఇది అది కాదు. వుడ్ పిజన్ ఇంకా పెద్దది, దాదాపు అరకిలో తూగుతుంది. మెడకు రెండు పక్కలా తెల్ల మచ్చ, ఎగిరితే రెక్కల మీద తెల్ల పట్టీ. పిల్ల పావురానికి మెడ మీద మచ్చ ఇంకా రాదు. చూడటానికి దీనిలాగే ఉండే స్టాక్ డవ్ అని ఇంకోటుంది. దానికి ఈ తెలుపు ఉండదు, దాన్ని కాల్చకూడదు. నీ స్నేహితుడు ఒకసారి తుపాకీ ఎత్తి మళ్లీ దించేశాడని రాశావు, ఎందుకో రాయలేదు. కారణం ఇదేనేమో అడుగు. వేటగాడు ఎలాంటివాడో అతను కాల్చకుండా వదిలేసినప్పుడే బాగా తెలుస్తుంది. నీ వ్యాసంలో నాకు అన్నిటికన్నా విలువైన వాక్యం అదే, దాన్ని నువ్వు బ్రాకెట్లో పెట్టావు.

ఇది చట్టబద్ధమేనా అని మన పాఠకుడు తప్పకుండా అడుగుతాడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన దేశంలో పెరిగినవాడు కదా. రెండు వాక్యాల్లో జవాబు చెప్పి ముందుకు వెళ్లు. బ్రిటన్‌లో 1981 వన్యప్రాణి చట్టం అడవి పక్షులన్నిటికీ రక్షణ ఇచ్చింది, పంటకు తీవ్ర నష్టం చేసే కొన్నిటిని మాత్రం జనరల్ లైసెన్సు (ఎవరికి వారు విడిగా దరఖాస్తు పెట్టక్కర్లేని అనుమతి) షరతుల కింద చంపనిస్తుంది. 2019 ఏప్రిల్‌లో ఒక సంస్థ న్యాయపరంగా సవాలు చేస్తే ఇంగ్లండ్‌లో ఆ లైసెన్సులను హఠాత్తుగా రద్దు చేశారు, కొత్తవి వచ్చేదాకా రైతులు టెన్షన్ పడ్డారు. అంతకు మించి చట్టం వద్దు.

పంట గురించి మాత్రం ఎంత రాసినా ఎక్కువ కాదు. అది రేప్‌సీడ్ చేను అని ఒక్క మాట అన్నావు. అది ఆవాల జాతి నూనెగింజ పంట అనీ, అక్కడి వేసవి చివర విత్తుతారనీ, చలికాలమంతా పచ్చటి ఆకుతో నేలను అంటుకుని ఉంటుందనీ చెప్పు. చుట్టూ ఏమీ దొరకని నెలల్లో పావురానికి ఆ ఆకే తిండి. 1973లో బ్రిటన్ యూరోపియన్ కమ్యూనిటీలో (తర్వాత యూరోపియన్ యూనియన్ అయింది) చేరాక సబ్సిడీలు వచ్చి ఈ సాగు బాగా పెరిగింది. చలికాలంలో తిండి దొరికింది, పిట్ట పెరిగింది. ఇప్పుడు ఆ దేశంలో గూళ్లు పెట్టే వుడ్ పిజన్లు దాదాపు 50 లక్షల జంటలు. రైతు ఏ పంటను కాపాడుకోవాలని చూస్తున్నాడో ఆ పంటే తన శత్రువును మేపింది. రైతు గొణిగాడని రాసిన చోట ఈ సంగతి పెట్టు, గొణుగుడుకు అర్థం వస్తుంది. పిట్టలను బెదరగొట్టే గ్యాస్ ఫిరంగి మాటిమాటికీ పేలుతుంటే నవ్వొచ్చిందని కూడా రాశావు. అది వద్దు. జొన్నచేలో మంచె ఎక్కి, వడిసెల తిప్పుతూ, డబ్బా వాయిస్తూ చిలకలను తోలిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు నీ పాఠకులు. ఆ రైతు బాధ వాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. నాలుగు రోజులకే పావురాలు ఆ చప్పుడుకు అలవాటు పడతాయని చెప్తే చాలు.

ఇక డికాయ్‌లు, అంటే పిట్టను నమ్మించి దింపే బొమ్మలు. ప్లాస్టిక్ పావురాలు పెట్టారని రాసి దాటేశావు. నాకు కోపం వచ్చింది ఇక్కడే. మన దగ్గర కౌజులు పట్టేవాళ్లు పంజరంలో దీమం పిట్టను పెట్టి, దాని కూతతో అడవి పిట్టను రప్పించేవాళ్లు. అక్కడ మోసం చెవికి, ఇక్కడ కంటికి. పావురం ఎదురుగాలికి దిగుతుంది, మేసేటప్పుడూ చాలావరకు గాలికి ఎదురుగానే నిలబడుతుంది. అందుకే బొమ్మల ముక్కులు గాలివైపు పెడతారు. అన్నీ ఒక్క తీరుగా ఉంటే పిట్ట నమ్మదు కాబట్టి ఒక్కోదాన్ని కాస్త అటూ ఇటూ తిప్పుతారు. ఒక్కోదానికి రెండు మూడు గజాల ఎడం. గుమిగూడితే, బెదిరి లేవబోతున్న గుంపులా కనిపిస్తుందని వేటగాళ్లు అంటారు. గుర్రపు నాడా ఆకారంలో పరిచి మధ్యలో ఖాళీ వదులుతారు. పైనుంచి వచ్చే పిట్టకు అది దిగడానికి అనువైన చోటు. ఆ చోటు వేటగాడికి పాతిక గజాల దూరంలో ఉండేలా ముందే చూసుకుంటారు.

నువ్వు ఫ్యాన్ అనుకున్నది కూడా ఇందులో భాగమే. రెండు పొడవాటి చేతులు, ఒక్కో చివర రెక్కలు విప్పిన చచ్చిన పావురం, 12 వోల్టుల బ్యాటరీ. అది తిరుగుతుంటే రెక్కల మీది తెలుపు మెరిసి, దూరాన చెట్ల మీదుగా పోయే గుంపుకు కూడా ఇక్కడ పావురాలు దిగుతున్నాయనిపిస్తుంది. పదేపదే దాన్ని చూసిన పిట్టలు మాత్రం పక్కకు తిరిగిపోతాయి. పడిన పావురాన్ని నీ స్నేహితుడు వెళ్లి సర్దాడని రాశావు, అతని శుభ్రతకు మెచ్చుకున్నావు. అది శుభ్రత కాదు. వెల్లకిలా పడిన పిట్టను చూస్తే తర్వాతివి దిగవు. గడ్డం కింద పుల్ల గుచ్చి, తల నిలబెట్టి, దాన్నీ మేస్తున్న పావురంలా చేస్తారు. చచ్చినది బతికున్నదాన్ని పిలుస్తుంది. ఇది పాఠకుడి ఒళ్లు జలదరింపజేసే విషయం, దాన్ని నువ్వు గమనించావు కూడా. విశేషణం ఒక్కటీ లేకుండా, చేతులు ఏం చేశాయో వరసగా రాయి చాలు.

కారు దిగగానే అతను సామాను తీయకుండా చాలాసేపు ఊరికే నిలబడ్డాడనీ, నీకు విసుగేసిందనీ రాశావు. పావురాలు ఏ చెట్ల వరస మీదుగా వస్తున్నాయో, చేలో ఏ మూల దిగుతున్నాయో చూసుకునే సమయం అది. చోటు తప్పితే ఎన్ని బొమ్మలు పెట్టినా లాభం లేదు. దానికి ఒక పూర్తి పేరా ఇవ్వు. వల వెనక దాక్కున్న భాగం కుదించినా ఫరవాలేదు. కాకపోతే టోపీ, ముఖానికి ముసుగు ఎందుకో చెప్పు. పావురం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, దాదాపు అన్ని వైపులా చూస్తుంది. పైకెత్తిన తెల్లటి ముఖం దానికి చాలా దూరం నుంచే తెలుస్తుంది.

ఒక పిట్ట పడ్డాక కూడా రెక్క కొట్టుకుంటోందని రాసి, వెంటనే సూర్యాస్తమయం వర్ణించావు. పారిపోయావు. అతను దాని దగ్గరకు పరుగెత్తాడా, నడిచాడా? మెడ విరిచాడా? ఎంతసేపు పట్టింది? నువ్వు తల తిప్పుకున్నావా? తిప్పుకుంటే అది కూడా రాయి. సూర్యాస్తమయం కొట్టెయ్యి.

చివర్లో అహింస గురించి రాసిన పేరా కూడా కొట్టెయ్యి. ఆ రాత్రి నీ స్నేహితుడి ఇంట్లో ఆ పావురాల ఛాతీ మాంసం తిన్నావు, బాగుందనీ రాశావు. నిన్ను మంచివాడు అనిపించుకోవడానికి ఆ పేరా పెట్టావని నాకే తెలిసిపోయింది, పాఠకుడికి తెలియదా? తిన్నది ఉంచు, బాగుందన్నదీ ఉంచు.

ఆ పేరా తీసేశాక ఖాళీ అయిన చోట పెట్టడానికి నీ దగ్గరే ఒక సంగతి ఉంది. పిట్టను కోసినప్పుడు మెడ కింది సంచిలోంచి పచ్చటి ఆకు ముద్ద వచ్చిందని ఎక్కడో మధ్యలో రాశావు. పావురం తిన్నది ముందు ఆ సంచిలోనే చేరుతుంది. అందులో రేప్‌సీడ్ ఆకు ఉంటే రైతు ఫిర్యాదు నిజం. పక్క పచ్చిక బీడులోని క్లోవర్ అనే మేత మొక్క ఆకు ఉంటే ఆ మధ్యాహ్నం సంగతి వేరు. ఏ ఆకో నీ స్నేహితుడికి తెలిసే ఉంటుంది. ఫోన్ చేసి అడుగు, అతను చెప్పింది ఏదైనా సరే అదే రాయి.

రైతు పేరు, ఊరి పేరు తీసెయ్యి. అక్కడ ఈ విషయం మీద గొడవలు ఉంటాయి, నీ వ్యాసం వల్ల ఆయనకు ఇబ్బంది రాకూడదు.

ఇంకొక పని. ఏప్రిల్ చివర్లో వీలు చూసుకుని ఆ చేనికి మళ్లీ వెళ్లు. అప్పటికి పూత మీద ఉంటుంది. పావురాలు బాగా తిన్న చోట మొక్క ఆలస్యంగా, ఎగుడుదిగుడుగా పూస్తుంది. వేటగాడు దాక్కున్న మూల ఎలా ఉందో, మిగతా చేను ఎలా ఉందో చూసి రా. తేడా లేకపోతే లేదనే రాయి. తర్వాత రెండో ప్రతి పంపు, ఫొటోలు వద్దు.

మీ అన్నయ్య