కోర్టు సీను కోసం పేజీలు దాటేయాలా?

ప్రశ్న: హార్పర్ లీ రాసిన 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' గొప్ప కోర్టు నవల అంటే మొదలుపెట్టాను. ఎంతసేపు చదివినా పిల్లల ఆటలే. ఆ భాగం వదిలేసి నేరుగా కేసుకి వెళ్లిపోవచ్చా?

జవాబు: వెళ్లొచ్చు, కానీ అప్పుడు మీకు దక్కేది ఓ మామూలు కోర్టు కథే. మొత్తం 31 అధ్యాయాల్లో సాక్షుల విచారణ మొదలయ్యేది 17లో, ఆ ఆలస్యం కావాలని చేసిందేనండీ. ఇల్లు దాటి బయటికి రాని బూ రాడ్లీ గురించి ఈ కథ చెప్పే చిన్నపిల్ల స్కౌట్, వాళ్లన్న జెమ్, సెలవులకొచ్చే డిల్ ఏమేం నమ్ముతారో గుర్తుందా? ఉడతల్ని పచ్చిగా తింటాడట, ఊళ్లో ఏ చిల్లర నేరం జరిగినా అతని పనేనట! ముగ్గురిలో ఒక్కరూ అతన్ని చూడలేదు, అయినా మనమూ నవ్వుకుంటూ సగం నమ్మేస్తాం.

తర్వాత అదే పని పెద్దవాళ్లు జ్యూరీలో కూర్చుని చేస్తారు. 1930ల అలబామా, జ్యూరీలో అందరూ తెల్లవాళ్లు, ముద్దాయి టామ్ రాబిన్సన్ నల్లవాడు. మయెల్లా అనే తెల్ల అమ్మాయిని కొట్టి చెరిచాడన్నది అతని మీద కేసు. ఆమె ముఖం మీద దెబ్బలు కుడివైపున్నాయి, అంటే కొట్టింది ఎడమచేత్తో అయ్యుండాలి, టామ్ ఎడమ చెయ్యేమో చిన్నప్పుడు పత్తి మిషన్లో పడి ఎందుకూ పనికిరాకుండా పోయింది, పైగా ఆ అమ్మాయి తండ్రిది ఎడమచేతి వాటమని కోర్టులో అందరి ముందే తేలుతుంది. అయినా టామే దోషి అంటారు. (తీర్పు ముందే చెప్పేశానని తిట్టుకోకండి, ఈ నవలకి సస్పెన్స్ అక్కడ లేదు.)

నాకు మాత్రం తీర్పుకంటే ఎక్కువ గుచ్చుకునేది ఇంకోచోట. ప్రాసిక్యూటర్ టామ్‌తో చులకనగా మాట్లాడుతుంటే డిల్ తట్టుకోలేక ఏడ్చేస్తాడు. స్కౌట్ వాడిని బయటికి తీసుకెళ్లి, ఎంతైనా అతను నల్లవాడే కదా అన్నట్టు మాట్లాడుతుంది! మనం అంత ఇష్టపడే పిల్ల, టామ్ తరఫున వాదిస్తున్న అట్టికస్ కూతురు. ఆ ఊరి గాలి ఆ పిల్లకీ సోకింది, ఆ సంగతి తనకే తెలీదు. మొదటి వంద పేజీలు ఆ పిల్లతో కలిసి తిరక్కపోతే ఈ మాట మీకు తగలదు.

లోపం లేదనను. టామ్ ఇల్లు, అతని మనసు మనకి దాదాపు తెలియనే తెలియవు, అంతా తెల్లవాళ్ల కళ్లతోనే చూస్తాం. ఈ విమర్శ చాలామంది చేశారు, నాకూ సబబే అనిపిస్తుంది.

ప్రశ్న: పోనీ, సినిమా చూస్తే సరిపోదా?

జవాబు: 1962లో వచ్చింది, అట్టికస్‌గా వేసిన గ్రెగరీ పెక్‌కి ఆస్కార్ తెచ్చింది, తప్పకుండా చూడండి. అయితే అందులో బరువంతా అట్టికస్ మీదికి జరిగింది. చనిపోయేలోపు మార్ఫిన్ అలవాటు వదిలించుకోవాలని పంతం పట్టిన ముసలావిడ మిసెస్ డ్యూబోస్ అందులో అలా కనిపించి వెళ్లిపోతుంది, ఆవిడ పోరాటం కావాలంటే పుస్తకంలో 11వ అధ్యాయమే చదవాలి.