పంపు మోగుతోంది, నీళ్లు రావడం లేదు: కొత్తది కొనే ముందు ఇవి చూడండి

మీ 24 అడుగుల ఫైబర్ పడవలో అడుగున చేరిన నీటిని తోడే 12 వోల్టుల బిల్జి పంపు స్విచ్ వేస్తే మోగుతోందని, నీళ్లు మాత్రం సన్నటి ధారగా వస్తున్నాయని, నీరు నిండినా తనంతట తాను ఆన్ కావడం లేదని, తీసేసి పెద్దది పెట్టమంటారా అని అడిగారు. దయచేసి తొందరపడకండి. సరిగ్గా ఇదే పరిస్థితిలో నేను రెండు పంపులు మార్చాను. తీసి పారేసిన ఆ రెండూ బాగానే ఉన్నాయని తరువాత తెలిసింది.

మాది సఖినేటిపల్లి వైపు లంక. వశిష్ఠ పాయ మీద కొబ్బరికాయలు, అరటి గెలలు నరసాపురం రేవుకు చేరవేస్తుంటాం. అంతర్వేది దగ్గర సముద్రం కలుస్తుంది కాబట్టి వేసవిలో పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీరు మా దాకా ఎక్కివస్తుంది. పంపుకు కాదు గానీ, పంపుకు వెళ్లే వైరుకు ఆ ఉప్పే అసలు శత్రువు.

మొట్టమొదట గొట్టం ఊడదీయండి. పంపు మూతి దగ్గర క్లిప్పు వదులు చేసి, గొట్టం లాగేసి, పంపు మునిగేంత నీరు ఉండగా స్విచ్ వేయండి. మూతి నుంచి నీరు బలంగా చిమ్మితే దోషం గొట్టంలో ఉంది. అప్పుడు కూడా నీరసంగానే వస్తే దోషం పంపులోనో కరెంటులోనో ఉన్నట్టు. ఇది రెండు నిమిషాల పని, ఖర్చు లేదు. అయినా చాలామంది చేయరు, నేనూ చేయలేదు.

గొట్టం దోషమైతే చూడవలసింది దాని దారి. మాకు అమ్మినది లోపల కూడా ముడతలున్న గొట్టం. ఆ ముడతలకు నీటి వేగం బాగా తగ్గుతుంది, లోపల నునుపుగా ఉన్నదే వాడాలి. ఇంకో చిక్కు, మధ్యలో ఎక్కడైనా గొట్టం కిందికి వేలాడితే ఆ వంపులో నీరు నిలిచిపోయి, పంపుకూ ఆ నీటికీ మధ్య గాలి చిక్కుకుంటుంది. ఈ రకం పంపులు నీటిని తోస్తాయి, గాలిని తోయలేవు. మోటారు తిరుగుతూనే ఉంటుంది, చుక్క రాదు. పంపు నుంచి బయటి మూతి దాకా గొట్టం పైకే ఎక్కుతూ పోవాలి. నీరు వెనక్కి రాకుండా మధ్యలో వాల్వు పెట్టమని కొందరు చెబుతారు. వద్దు. చెత్త ఇరుక్కునేదీ, గాలి పట్టేదీ అక్కడే.

గొట్టం తీసినా ధార నీరసంగానే ఉంటే, బ్యాటరీ వైరు తీసేసి, పంపు అడుగున ఉన్న జల్లెడ మూత విప్పండి. మా పంపులో ఇంపెల్లర్ (నీటిని తోసే రెక్కల చక్రం) ఇరుసు చుట్టూ కొబ్బరి పీచు తాడులా పేనుకుపోయింది. దాని కింద వల నైలాన్ దారం బిగుసుకుని ఉంది. మా ఆవిడ తలపిన్నుతో పోగు పోగుగా లాగితే గుప్పెడు పీచు బయటికొచ్చింది. కొబ్బరి మోసే పడవల్లో ఇది తప్పదు. నెలకు రెండుసార్లు ఆ మూత తీసి కడగడమే మార్గం.

అయినా మాకు ధార పెరగలేదు. అప్పుడు మీటరు తెచ్చి చూశాను. పంపు తిరుగుతూ ఉండగా బ్యాటరీ దగ్గర 12.5 వోల్టులు, పంపు వైరు దగ్గర 9.7. దాదాపు మూడు వోల్టులు దారిలోనే పోతున్నాయి. ఈ కొలత పంపు తిరుగుతూ ఉండగానే తీసుకోవాలి. ఆపి చూస్తే పాడైన జాయింటు కూడా నిండు వోల్టేజి చూపించి మోసం చేస్తుంది. పంపు పక్కనే నల్ల టేపు చుట్టిన జాయింటు కోసి చూస్తే లోపల రాగి లేదు, చిలుము ఉంది. వేలితో నలిపితే పచ్చటి పొడి రాలింది. ఇంకో జానెడు వెనక్కి ప్లాస్టిక్ చీల్చినా రాగి నల్లబడే ఉంది. తడి వైరు లోపలికి ఒత్తిలా పాకిపోయింది. రెండు కొత్త పంపులనూ నేను ఆ కుళ్లిన జాయింటుకే కలిపాను.

ఇటీవల ఎవరైనా వైర్లు విప్పి కలిపారేమో కూడా ఆలోచించండి. పాజిటివ్, నెగెటివ్ తారుమారైతే మోటారు వెనక్కి తిరుగుతుంది, మోత మామూలుగానే ఉంటుంది, నీరు మాత్రం చాలా తక్కువ వస్తుంది. చాలా పంపుల్లో గోధుమరంగు వైరు పాజిటివ్, నలుపు నెగెటివ్. మీ పంపు కాగితంలో ఒకసారి చూసుకోండి.

ఇక తనంతట తాను ఆన్ కాకపోవడం. దీని గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే దీనివల్లే మా పడవ మునిగింది. 2022 జూలై వరదలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు పడవను కాలువ మలుపులో చెట్టుకు కట్టి, బ్యాటరీ మెయిన్ స్విచ్ ఆపి ఇంటికి వెళ్లాం. రాత్రంతా వాన. నీరు పెరిగితే తేలి పంపును ఆన్ చేసే ఫ్లోట్ స్విచ్ ఉందిగా అన్న ధైర్యం. తెల్లవారి చూస్తే వెనక భాగం నీటిలో ఉంది, ఇంజిను సగం దాకా బురద. ఫ్లోట్ స్విచ్‌కు కరెంటు మెయిన్ స్విచ్ తరువాత నుంచి ఇచ్చారు. మెయిన్ ఆపగానే అదీ ఆగిపోయింది. ఫ్లోట్ స్విచ్ వైరు ఫ్యూజు మీదుగా నేరుగా బ్యాటరీకే వెళ్లాలి, మెయిన్ స్విచ్‌తో దానికి సంబంధం ఉండకూడదు. మీది ముందు వేలితో పైకెత్తి చూడండి. పంపు తిరిగితే స్విచ్ మంచిదే, కింద చెత్తో బురదో అడ్డం పడి లేవడం లేదు. తిరగకపోతే దాని రెండు వైర్లనూ ఒకదానికొకటి తాకించండి. అప్పుడు తిరిగితే స్విచ్ పోయింది. అప్పుడూ తిరగకపోతే దానికి కరెంటే రావడం లేదు.

ఇవన్నీ చూశాక పంపే పోయిందని తేలితే తప్పక మార్చండి. పెట్టె మీద గంటకు ఇన్ని గ్యాలన్లు అని అమెరికన్ లెక్కలో ఉంటుంది, ఒక గ్యాలన్ 3.8 లీటర్లు. 500 అంటే సుమారు 1,900 లీటర్లు, 1100 అంటే సుమారు 4,160. ఎత్తు, వంపులు, తగ్గే వోల్టేజి కలిసి అందులో మూడోవంతు నుంచి సగం దాకా తినేస్తాయి. పోల్చుకోవడానికి ఒక లెక్క: నీటిమట్టానికి రెండు అడుగుల కింద అంగుళం రంధ్రం పడితే నిమిషానికి సుమారు 60 లీటర్లు లోపలికి వస్తాయి, అంటే గంటకు 3,600. మీ పడవకు 1100 పెట్టండి. అయినా నీళ్లు తోడే డబ్బాను మాత్రం పడవలోంచి తీయకండి.

బిగించేటప్పుడు పడవ అడుగుకు స్క్రూలు దింపకండి. చెక్కముక్కను రెసిన్‌తో అతికించి దానికి బిగించండి. కళాయి పూసిన రాగి వైరు తీసుకోండి. జాయింటును లోపల జిగురుండి, వేడి తగిలితే ముడుచుకునే ష్రింక్ ట్యూబుతో మూసి, నీరు ఎప్పుడూ చేరనంత ఎత్తున కట్టండి. ఫ్యూజు పంపు మీద రాసినంతే వేసి, బ్యాటరీకి దగ్గరగా పెట్టండి. గొట్టం బయటి మూతి పడవ నిండా సరుకు ఎత్తినప్పుడు కూడా నీటికి పైనే ఉండాలి. ఖాళీ పడవలో జానెడు పైన కనిపించిన మూతి, కాయలు నింపాక నీటి కిందికి పోతుంది. పంపు ఆగగానే నది అదే గొట్టంలోంచి వెనక్కి దిగుతుంది.

అసలు నీరు ఎక్కడి నుంచి వస్తోందో కూడా వెతకండి. వేసవిలో నీటిలో వేలు ముంచి నాలుకకు తాకిస్తే వాన నీరో నది నీరో తెలిసిపోతుంది, వరద రోజుల్లో నదీ చప్పగానే ఉంటుంది కాబట్టి తెలియదు. మాకు షాఫ్టు గ్లాండు దగ్గర, అంటే పంకా ఇరుసు పడవలోంచి బయటికి వెళ్లే చోట నీరు రాకుండా తాడు కుక్కిన దగ్గర, ధార కడుతోంది. నడిచేటప్పుడు చుక్కలు పడటం సహజం, ధార కాకూడదు. గ్లాండు తాడు మార్చాక పంపుకు సగం పని తగ్గింది. ఇంజిను కింది నీటిలో నూనె తెట్టు ఉంటే ముందు గుడ్డతో అద్ది తీసేయండి. పంపు దాన్ని నదిలోకే వదులుతుంది, అదే నీటిలో లంకల్లో జనం స్నానాలు చేస్తారు.

గొట్టం ఊడదీసినప్పుడు ధార ఎలా ఉందో, పంపు తిరుగుతుండగా మీటరు ఎంత చూపిందో రాయండి. ఆ రెండూ తెలిస్తే దోషం ఎక్కడుందో నేను చెప్పగలను.