నెలలు నిండని బిడ్డ కళ్లకు దీపాల వెలుతురు హాని చేస్తుందా?

28 వారాలకే పుట్టిన మీ పాప ఇంక్యుబేటర్ దగ్గర పగలూ రాత్రీ దీపాలు వెలుగుతున్నాయనీ, ఆ వెలుతురే ఆర్‌ఓపీ అనే రెటీనా (కంటి లోపలి తెర) జబ్బు తెచ్చిపెడుతుందేమోననీ రాశారు. ఒకప్పుడు వైద్యులకూ ఈ అనుమానం ఉండేది. దాన్ని తేల్చడానికే అమెరికాలో 31 వారాల లోపు, 1251 గ్రాముల కంటే తక్కువ బరువుతో పుట్టిన 409 మంది శిశువులను తీసుకుని, వారిలో సగం మందికి పుట్టిన 24 గంటల్లోపే వెలుతురును 97 శాతం అడ్డుకునే కళ్లజోళ్లు తొడిగారు. 1998లో వెలువడిన ఫలితాల ప్రకారం కళ్లజోడు పెట్టిన పిల్లల్లో 54 శాతానికి, పెట్టనివారిలో 58 శాతానికి జబ్బు వచ్చింది. గణాంకపరంగా అది తేడా కిందకు రాదు.

అసలు కారణం వేరే ఉంది. గర్భంలో పూర్తి కావలసిన రెటీనా రక్తనాళాలు బయట ఎక్కువ ఆక్సిజన్ తగలగానే ఎదగడం ఆపేస్తాయి. కొన్ని వారాల తర్వాత ఆక్సిజన్ చాలని రెటీనా వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను విడుదల చేయడంతో కొత్త నాళాలు అడ్డదిడ్డంగా మొలుస్తాయి. కాబట్టి నర్సును ముందుగా అడగవలసింది మానిటర్‌లో ఆక్సిజన్ శాతానికి ఏ హద్దులు పెట్టారన్నది. దీపాలు తగ్గించమనడంలోనూ తప్పులేదు, నిద్రకు మంచిదే.

కామెర్లకు నీలికాంతి కింద ఉంచినప్పుడు వేసే కంటిపట్టీ మాత్రం తప్పనిసరి. అది జారి ముక్కుకు అడ్డుపడితే వెంటనే చెప్పండి.

మీ పాపకు 4 వారాలు నిండేసరికి తొలి కంటిపరీక్ష జరగాలి, ఆ తేదీ ఇప్పుడే రాయించుకోండి. చికిత్స అవసరమని తేలితే లేజర్ గానీ ఇంజెక్షన్ గానీ రెండు మూడు రోజుల్లోనే చేయించాలి. ఇంటికి పంపించినా మిగిలిన పరీక్షలు మానకండి.